నడిపన్న పేరు మీద రాసిన ఉత్తరాలు

మేం ముగ్గురం అన్నదమ్ములం. ముగ్గురం ఫౌజులో చేశాం. కార్గిల్ యుద్ధం జరిగిన ఎండాకాలం ముగ్గురం ఒకే లోయలో ఉన్నాం. ఇప్పుడు నేను గగన్‌పహాడ్‌లో ఒక గోడౌన్ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. నాతో డ్యూటీ చేసేవాళ్ళకు ఈ సంగతి తెలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "ముగ్గుర్ని ఒక్కసారే పంపిచ్చి మీ అవ్వ ఎట్ల బతికిందన్నా?" ఏదో ఒకటి చెప్పి దాటేస్తాను. ఆ ఎండాకాలం మా అవ్వను బతికించినవి ఉత్తరాలే. వాటిలో సగానికి సగం అబద్ధాలు. రాసింది నేనే.

మా వైపు అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. మా ఊరు శంషాబాద్‌కు దగ్గరే. అప్పటికి విమానాశ్రయం లేదు. రాళ్ళ గుట్టలు, సీతాఫలం చెట్లు, వాన పడితే జొన్న పండే చెలకలు, అంతే. బాపుకు నాలుగెకరాల చెలక ఉండేది. ఆ నాలుగెకరాల మీద ముగ్గురు మగపిల్లలు బతకలేరని మాకు చిన్నప్పుడే అర్థమైంది.

పెద్దన్న భర్తీకి పోయింది దోస్తుకు తోడుగా. దోస్తు ఛాతీ చాలలేదని తిరిగొచ్చాడు, తోడుపోయినవాడు ఎంపికయ్యాడు. ఏడాదికి సెలవు మీద నల్ల ట్రంకు పెట్టె పట్టుకుని వచ్చిన పెద్దన్నను చూశాక మధ్యవాడు, మా నడిపన్న, ఇంట్లో నిలవలేదు. అప్పటికే వాడు గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల లారీల మీద క్లీనర్‌గా తిరిగి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఫౌజులో డ్రైవర్‌గా తీసుకున్నారు. చివరివాణ్ణి నేను. ఇంటర్ మధ్యలో వదిలేసి, పెద్దన్న ఉన్న తోపుల పల్టన్‌లోనే, అంటే ఫిరంగుల దళంలోనే చేరాను. అన్న పనిచేసే పల్టన్‌లోకి తమ్ముణ్ణి తీసుకునే పద్ధతి ఉంది.

నేను బయల్దేరే రోజు అవ్వ బాపుతో అంది, "ఒక్కన్నన్న ఇంట్ల ఉంచుకోకపోతివి."

"ఉండి ఏం చేస్తడే ఈ రాళ్ళల్ల?" అన్నాడు బాపు. అంతకు మించి ఆ ఇంట్లో దాని మీద మాట నడవలేదు.

యుద్ధం మొదలయ్యేసరికి మా పల్టన్ పంజాబ్‌లో ఉంది. హుకుం వచ్చిన పూటే కదిలాం. మేం చేరిన చోట రోడ్డు ఒక్కటే. ఒక పక్క నది, ఇంకో పక్క నిటారు గుట్టలు. ఆ గుట్టల కొనల మీద శత్రువు కూర్చుని ఉన్నాడు. కింద రోడ్డు మీద పోయే ప్రతి బండీ వాడికి అరచేతిలో ఉన్నట్టు కనపడేది. ఆ కొనలను కింద నుంచి తోపులతో కొట్టడం మా పని. ఒక్కో గుండు సిమెంటు బస్తాకు కొంచెం తక్కువ బరువు ఉంటుంది. ఊరికే నడిస్తేనే ఆయాసం వచ్చే ఎత్తులో రోజంతా ఆ గుండ్లు మోసేవాళ్ళం.

అన్నదమ్ములను ఒకే తోపు మీద ఉంచరు. ఎందుకో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. పెద్దన్న హవల్దార్, ఒక తోపుకు కమాండర్. నేను పక్క తోపు మీద గుండ్లు అందించేవాణ్ణి. మధ్యలో అరిస్తే వినపడేంత దూరం. అందరం చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళం. పెద్దన్న మాత్రం టెలిఫోన్ ఆనించుకునే చెవిని ఖాళీగా వదిలేవాడు, పైనుంచి వచ్చే హుకుం సరిగ్గా వినపడాలని. ఆ చెవి ఇప్పుడు పూర్తిగా పోయింది. ఆయనతో మాట్లాడాలంటే ఎడమ పక్కకు పోయి కూర్చోవాలి.

పది పదిహేను రోజులు గడిచాక ఒక పొద్దున గుండ్ల లారీ ఒకటి రివర్సులో వచ్చి మా తోపు దగ్గర ఆగింది. డ్రైవర్ కిందికి దూకాడు. ముఖమంతా దుమ్ము, పళ్ళొక్కటే తెల్లగా ఉన్నాయి.

"ఏందిరా చిన్నోడా, గిట్ల బొగ్గు లెక్క అయినవ్? అవ్వ చూస్తే గుర్తువడతదా?"

నడిపన్న! వాడి కంపెనీని ఆ రోడ్డు మీదే వేశారని మాకు తెలియదు. పెద్దన్న పరుగెత్తుకొచ్చాడు గానీ, దగ్గరికొచ్చాక ఏం చేయాలో తోచనట్టు వాడి భుజం మీద దుమ్ము దులుపుతూ నిలబడ్డాడు. ముగ్గురం ఒకే మగ్గులో చాయ్ తాగాం. లారీ ఖాళీ అయ్యేలోపు ఇంటికి ఒక ఉత్తరం రాశాం. ఇన్‌లాండు కాగితాన్ని మూడు భాగాలు చేసుకుని, ఎవరి భాగం వాళ్ళు.

పెద్దన్న రాసేది ఎప్పుడూ నాలుగే లైన్లు: మేం బాగున్నాం, మీరు బాగుండాలి, పిల్లలను బడికి పంపండి, వానలు పడ్డాయా. నడిపన్న రాత వేరు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. క్షేమాన్ని 'చేమం' అని రాసేవాడు. పెద్దొదినను ఆటపట్టించేవాడు, బర్రె ఎన్ని పాలిస్తోందో అడిగేవాడు, ఏదో ఒక గొప్ప చెప్పేవాడు. పెద్దొదిన ఏడో తరగతి దాకా చదువుకుంది. ఇంట్లో ఉత్తరాలు చదివేది, జవాబులు రాసేది ఆమే. "నడిపోని ముచ్చట వచ్చినప్పుడు మీ అవ్వ రెండు సార్లు చదివిచ్చుకుంటది" అని ఒక జవాబులో రాసింది.

అలా వాడు మా దగ్గరికి నాలుగైదు సార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఒక ఉత్తరం పోయేది.

ఇంతలో వాడి కంపెనీలో నల్గొండ వైపు మనిషి ఒకడు సెలవు ముగించుకుని వస్తూ మా ఊరికి పోయాడు. అవ్వ వాడి చేతికి మామిడికాయ తొక్కు పచ్చడి డబ్బా ఒకటి ఇచ్చి పంపింది. ఆ కబురు వినగానే నా ప్రాణం లేచొచ్చింది. మాకు అక్కడ దొరికేది డబ్బాల్లోంచి తీసిన కూర, గట్టిపడిన పూరీలు. తోపు దగ్గర నుంచి వెనక్కి పోయే ఒక డ్రైవర్‌తో చీటీ పంపాను: 'తొక్కు మొత్తం నువ్వే తినకు. ఇక్కడి తిండి గొంతు దిగట్లేదు. ఎవరి చేతా పంపకు, నువ్వే తీసుకొని జల్ది రా.'

చీటీ పోయిన రెండో రోజు పొద్దున లోయ నిండా పొగమంచు దిగింది. పది అడుగుల ముందు మనిషి కనపడటం లేదు. మామూలుగా ఆ రోడ్డు మీద బండ్లను చీకట్లో, దీపాలు ఆర్పి నడిపించేవాళ్ళు. మంచు ఉందన్న ధైర్యంతో ఆ రోజు పగలే వదిలారు. సగం దారిలో మంచు విడిపోయింది.

మాకది తెలియదు. మేం పైకి కొడుతున్నాం, పైనుంచి రోడ్డు మీదికి పడుతున్నాయి. ఆ చప్పుడు రోజూ ఉండేదే. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా మా తోపులు ఆగలేదు. ఆగాక పెద్దన్న నా దగ్గరికి నడిచొచ్చాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ చెప్పాడు.

"నడిపోని బండి పక్కన గుండు పడ్డదట. పాణం ఉన్నది. ఎడమ కాలుకు తాకింది. దవాఖానకు తీసుకపోయిన్రు."

"ఎప్పుడు?"

"పొద్దుగాల. ఎనిమిదింటికి ఫోన్ల చెప్పిన్రు నాకు."

ఎనిమిది నుంచి అప్పటిదాకా, నాలుగు గంటలు, ఆయన తన తోపు పక్కన నిలబడి హుకుంలు అరుస్తూనే ఉన్నాడు. ఆ గొంతు నాకు వినపడుతూనే ఉంది, ఒక్కసారి కూడా తేడా రాలేదు. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. అన్న చొక్కా పట్టుకోవడం నా జీవితంలో అదొక్కటే సారి.

"నాకెందుకు చెప్పలే? నాలుగు గంటలు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తుంటివి? గుండు ఇడిసిపెట్టి ఉరుకుతుంటివా?" అన్నాడు. అని నా చేతులు విడిపించుకోకుండా అలాగే నిలబడ్డాడు. నేనే వదిలేశాను.

వెనక బండిలో వచ్చిన డ్రైవర్ సాయంత్రం మా దగ్గరికి వచ్చి జరిగింది చెప్పాడు. కాలు అలా అయ్యాక కూడా నడిపన్న బండిని రోడ్డుకు అడ్డంగా వదలలేదట. వెనక పది లారీలు ఆగిపోతాయని, గుట్ట వైపు నూకి, రాయికి ఆనించి ఆపాడట. అప్పుడు తెలివి తప్పిందట. చెప్పడం అయిపోయాక ఆ డ్రైవర్ తన బండిలోంచి ఒక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నడిపన్న సీటు కింద దొరికిందన్నాడు. తొక్కు డబ్బా. చుట్టూ అవ్వ పాత చీర ముక్క కట్టి ఉంది, ముడి కూడా విప్పలేదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. "ఈ రోజు ట్రిప్పు మీ అన్నది కాదు. వేరేవాడిది. వాడితో మార్చుకుని వచ్చాడు."

పెద్దన్న ఆ డబ్బా తీసుకుని మా తోపుల దళంలో ఉన్నవాళ్ళందరికీ పంచాడు. పంజాబువాళ్ళు, తమిళులు, బీహారువాళ్ళు కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, కారం కారం అని నవ్వుతూ తిన్నారు. నేను ముట్టలేదు. ఎందుకో పెద్దన్న అడగలేదు. నా చీటీ సంగతి ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

వారం తర్వాత కబురు తెలిసింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. మొదట శ్రీనగర్, అక్కడి నుంచి పుణే సైనిక ఆసుపత్రికి తరలించారు. నడిపన్న నుంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. నేను మూడు ఉత్తరాలు రాశాను. ఆసుపత్రిలో పక్క మంచం అతను జవాబు రాశాడు: 'మీ అన్న ఎవరితోనూ మాట్లాడటం లేదు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మీ ఉత్తరాలు విప్పలేదు.'

ఇంటికి రాసే వంతు వచ్చింది. పెద్దన్న కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"చెప్పొద్దు" అన్నాడు చివరికి. "ఒక్కని సంగతి తెలిస్తే ఇంక మన ఇద్దరి మీద సుత ఆశ ఇడుస్తది అవ్వ. మనం ఇంక ఇక్కడ్నే ఉన్నం. లడాయి అయిపోనీ. అప్పటిదాంక వాని ముచ్చట నువ్వు రాయి."

"తార్ పోయుంటది గదా ఇంటికి?"

"పోతే జవాబుల తెలుస్తది."

వాడి పేరు మీద రెండు లైన్లే రాసి పంపాను. జవాబు వచ్చింది. ఫౌజు పంపే టెలిగ్రాం, ఆ తార్ ప్రస్తావన లేదు. బర్రె ఈనింది, నడిపోని ముచ్చట ఈసారి జర చిన్నగుంది, ఎక్కువ రాయమను, అని ఉంది. తార్ ఎక్కడో తప్పిపోయిందనుకున్నాం.

ఆ తర్వాత నేను వాడి రాతను శ్రద్ధగా నేర్చుకున్నాను. అక్షరాలను ఒకదాని మీద ఒకటి ఎక్కించాను. క్షేమాన్ని చేమం చేశాను. 'వొదినా, మా అన్న ఇక్కడ సబ్బు పెట్టి స్నానం చేస్తున్నాడు, నమ్ముతావా' అని రాశాను. 'నాకు కొత్త బూట్లు ఇచ్చారు అవ్వా, మంచులో కూడా కాళ్ళు వెచ్చగా ఉంటాయి' అని రాశాను. ఆ వాక్యం రాసిన చేతిని చాలాకాలం అసహ్యించుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే, రాస్తున్నప్పుడు వాడు పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఉండేది. అందుకే రోజురోజుకూ వాడి భాగం పెరిగింది, నా భాగం తగ్గింది.

యుద్ధం ముగింపుకు వచ్చిన రోజుల్లో పుణే నుంచి నా పేరు మీద ఒక కవరు వచ్చింది. లోపల నడిపన్న రాత, నిజమైనది.

'నువ్వు నా పేరు మీద రాస్తున్న ఉత్తరాలు బాపు తెచ్చి సూపిచ్చిండు. నేను గంత మంచోన్ని కాదు. మా వొదినను నేను గట్ల అననే అనను. కొత్త బూట్లట! సిగ్గులేనోడా. ఇగ నా ముచ్చట నేనే రాస్త. రాసి నీకు పంపుత, మీతోటి కలిపి అక్కడికెల్లి ఇంటికి ఎయ్యి.'

అది చదివి నేను, పెద్దన్న ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బాపు పుణేకు పోయాడా?

జరిగింది మాకు తర్వాత తెలిసింది. తార్ తప్పిపోలేదు. చెలకలో పనిచేస్తున్న బాపు చేతికే నేరుగా వచ్చింది. ఆయన దాన్ని శంషాబాద్ పోస్టాఫీసుకు తీసుకుపోయి గుమాస్తాతో చదివించుకున్నాడు. మడిచి రుమాలులో పెట్టి తలకు చుట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. తర్వాత మా ఉత్తరాలు వచ్చాయి. పెద్దొదిన చదువుతుంటే, కొత్త బూట్ల దగ్గర అవ్వ నవ్వుతుంటే, ఆయన గడప మీద కూర్చుని విన్నాడు. ఎవరు రాస్తున్నారో ఊహించుకున్నాడు.

ఒక రోజు ఎద్దును కొనుక్కొస్తానని, దూరం అంగడికి పోతున్నానని అవ్వకు చెప్పి, మా ఉత్తరాలన్నీ సంచిలో వేసుకుని రైలెక్కాడు. హైదరాబాద్ దాటి ఎన్నడూ పోని మనిషి. చిన్నప్పుడు ఉర్దూ బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు, ఆ ఉర్దూతోనే అడుక్కుంటూ ఆసుపత్రి వెతుక్కున్నాడు. ఆ మాటతీరుకు వార్డులో వాళ్ళంతా నవ్వేవాళ్ళట.

"నేను గోడ దిక్కు తిరిగి పండుకున్న" అని నడిపన్న చెప్పాడు తర్వాత ఎప్పుడో. "ఎవరో వచ్చి కింద కూసున్నట్టు అనిపిచ్చింది. బీడీ వాసన. మనసుల అనుకున్న, గీ వాసన ఇక్కడికెట్ల వచ్చిందని. మర్రి చూస్తే బాపు. ఏడుస్తడేమో అనుకున్న. ఏడ్వలే. లేచి దుప్పటి తీసి చూసిండు. వేలు పెట్టి ముట్టుకున్నడు. 'మోకాలున్నది గదరా. మోకాలుంటె సగం కాలున్నట్టే' అన్నడు. గంతే. పొద్దుమూకేదాంక ఇంకేం మాట్లాడలే."

రెండో రోజు బాపు సంచిలోంచి ఉత్తరాలు తీసి వాడి ముందు పెట్టాడట. "చిన్నోడు నీ పేరు మీద రాస్తుండు. మీ అవ్వ విని నవ్వుతుంది. వాడు అక్కడ గుండ్లు మోసుకుంట నీ రాత సుత మోస్తుండు. నువ్వు ఊకె పన్నవ్. జర సిగ్గుండాలె."

అప్పుడు నడిపన్న ఉత్తరాలు చదవడం మొదలుపెట్టాడు. నెల తర్వాత కట్టెలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

బాపు ఎద్దు లేకుండా ఇంటికొచ్చాడు. నచ్చింది దొరకలేదన్నాడు. ఐదు రోజులు తిరిగి ఒక్క ఎద్దును తేలేనివాడివి నువ్వొక రైతువా అని అవ్వ వారం రోజులు తిట్టింది. ఆ మనిషి అన్నీ పడ్డాడు.

నడిపన్న పెట్టుడు కాలుతో ఇంటికి వచ్చేనాటికి నాకు సెలవు దొరికింది. పెద్దన్నకు దొరకలేదు. నేను, బాపు స్టేషనుకు పోయి తీసుకొచ్చాం. శంషాబాద్‌లో బస్సు దిగాక ఆటో మాట్లాడబోతే వద్దన్నాడు. "ఇంట్లకు నడుసుకుంట పోత" అన్నాడు. రెండు మైళ్ళు. నాలుగు చోట్ల ఆగాం. ఆగిన ప్రతిసారీ బాపు ఏదో ఒక చేను చూపించి, అది ఎవరిది, ఏం వేశారు అని చెప్పేవాడు, ఊరికే నిలబడ్డట్టు కనపడకుండా.

ఇంటి ముందు అవ్వ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. బయటి నుంచి వచ్చినవాళ్ళ కాళ్ళు కడిగి లోపలికి తీసుకుపోవడం మా ఇంట్లో పద్ధతి. మేం ముగ్గురం దీని గురించి ఆలోచించనే లేదు! ఎలా చెప్పాలా అని దారంతా తర్జనభర్జన పడ్డవాళ్ళం, ఆ చెంబు సంగతి మరిచిపోయాం.

"బూట్లు ఇప్పు బిడ్డా" అంది.

నడిపన్న అరుగు మీద కూర్చున్నాడు. కుడి బూటు విప్పాడు. ఆమె నీళ్ళు పోసింది. "గదొక్కటేనా? అదిప్పు" అంది. వాడు నా వైపు చూశాడు. తర్వాత ప్యాంటు మోకాలి దాకా పైకి లాగాడు.

అవ్వ అరవలేదు. చెంబు కింద పెట్టలేదు. చాలాసేపు చూసింది. తర్వాత వంగి, మిగిలిన నీళ్ళు ఆ కట్టె కాలు మీద కూడా పోసి, కొంగుతో తుడిచింది. తుడుస్తూ తుడుస్తూనే అడిగింది, "ఎప్పుడైంది?"

వాడు చెప్పాడు. ఆమె వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది.

"మరి కొత్త బూట్ల ముచ్చట రాసిందెవ్వరు?"

ఆమె తలెత్తి నేరుగా నన్నే చూసింది. "నా కొడుకు కాలు వోయిననాడు నేను బర్రె పాల ముచ్చట చెప్పుకుంట నవ్విన్నా? ఏడ్సేనాడు ఏడ్వనియ్యకపోతిరి గదరా. గా ఏడుపు నాది. మీకెవరిచ్చిన్రు తీసుకునేతందుకు?"

బాపు ఏదో చెప్పబోయాడు. "నువ్వు సుతనా?" అంది. ఆయన రుమాలు విప్పి చేతిలో పట్టుకుని బయటికి పోయాడు.

ఆ సెలవంతా ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, బట్టలు ఉతికేది, మాట మాత్రం లేదు. నేను తిరిగి పోయే రోజు బస్సు దాకా వచ్చింది. నా ట్రంకు మీద చెయ్యి వేసి, "ఇగ మీదట మంచైనా చెడైనా ఎవని రాత వాడే రాయాలె" అంది. ఆ తర్వాత మా నుంచి ఏ ఉత్తరం వచ్చినా కాగితం చేతికి తీసుకుని చూసేదట. చదువు రాదు గానీ ఏది ఎవరి రాతో గుర్తుపట్టేది. గుర్తుపట్టాకే పెద్దొదిన చేతికి ఇచ్చేది.

అవ్వ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. ఎప్పుడో మళ్ళీ మాటలు మొదలయ్యాయి, నేను పెళ్ళి చేసుకున్నాను, ఆమె నా పిల్లలను ఎత్తుకుంది. ఆ ముచ్చట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు. బాపు విమానాశ్రయం రాకముందే పోయాడు. చెలక ఇప్పుడు ఆ విమానాశ్రయం గోడ లోపల ఎక్కడుందో మాకే తెలియదు. అవ్వ మొన్న మొన్నటి దాకా ఉంది.

నడిపన్న ఊరికే కూర్చోలేదు. లారీ నడపలేనన్న దిగులు వాణ్ణి ఏడాది పాటు తిన్నది. ఒక రోజు ఎవరిదో ఆటో తీసుకుని చెలకలో తిప్పి చూశాడు. ఆటోకు క్లచ్చు, గేరు చేతిలోనే ఉంటాయి, బ్రేకు కుడి కాలి కింద ఉంటుంది. ఎడమ కాలితో పనే లేదు. ఈ సంగతి కనిపెట్టిన రోజు వాడి సంబరం చూడాలి. అప్పటి నుంచి ఆరాంఘర్‌కు, శంషాబాద్‌కు మధ్య షేర్ ఆటో నడుపుతున్నాడు. రోడ్డు వెడల్పయింది, పైన వంతెనలు వచ్చాయి, క్యాబులు వచ్చాయి. వాడి ఆటో నడుస్తూనే ఉంది.

నేను సర్వీసు ముగించుకుని వచ్చి గగన్‌పహాడ్‌లో చేరాక, డ్యూటీ దిగే వేళకు వాడే వచ్చి ఎక్కించుకుని పోతాడు. గోడౌన్ ఎదురుగా ఉన్న హోటల్‌లో చాయ్ తాగి కదులుతాం. పోయిన వేసవిలో ఒక సాయంత్రం అక్కడే చెప్పేశాను. ముందుగా అనుకున్నది కాదు. పక్క బల్ల మీద ఎవరో ఇంటి నుంచి తెచ్చుకున్న సద్దిలో తొక్కు కలుపుకుని తింటున్నారు. ఆ వాసనకు నా నోరు నాకు తెలియకుండానే తెరుచుకుంది.

"అన్నా, ఆ రోజు నీ ట్రిప్పు కాదు గదా. నేను చీటీ పంపిన. తొక్కు తీసుకొని జల్ది రా అని రాసిన. అందుకే నువ్వు వచ్చినవ్. నీ కాలు నా వల్ల పోయింది."

నడిపన్న సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఆగి నన్ను చూశాడు.

"ఏ చీటీ?"

"తొక్కు చీటీ."

"నాకు ఏ చీటీ రాలేరా. వచ్చిందో, వస్తే సదివిన్నో, ఏం యాదికి లేదు." చాయ్ తాగాడు. "నీ తొక్కు కోసం గుండ్ల కింద ఎవడొస్తడురా? ట్రిప్పు మార్చుకున్న మాట నిజమే. గా ట్రిప్పు ఒక బీహారోనిది, వానికి బిడ్డ పుట్టిందని ఉత్తరమొచ్చింది. వాని సంబరం చూసి, నువ్వు ఇయ్యాల ఉండురా, నేను పోత అన్న. గంతే."

"నిజమా? నాకోసం అంటున్నవా?"

"నువ్వు పరేషాన్ గాకు. వాన్నే అడుగుదాం పా." జేబులోంచి ఫోన్ తీశాడు. ఇన్నేళ్ళుగా వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారని నాకు తెలియదు. హిందీలో రెండు మాటలు చెప్పి ఫోన్ నా చేతికిచ్చాడు. "నువ్వే అడుగు."

అడిగాను. అవతల ముసలి గొంతు. అతను చెప్పింది ఇది: బిడ్డ పుట్టిన ఉత్తరం ముందు రోజు సాయంత్రం వచ్చింది. తాను అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. అంతవరకూ గుర్తుంది. నడిపన్న తనంతట తానే బండి తాళం అడిగాడా, లేక తనే ఈ ఒక్కరోజు పోయిరా అని బతిమాలాడా, అది మాత్రం ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. "నేనే అడిగి ఉంటాను భాయ్. ఆ రోజు నుంచి అలాగే అనుకుంటున్నాను. ఆ కాలు నా మీద ఉంది" అన్నాడు.

ఫోన్ తిరిగి ఇచ్చాను. అతనేమన్నాడో చెప్పాను. నడిపన్న పగలబడి నవ్వాడు. హోటల్‌లో అందరూ తిరిగి చూశారు.

"ఒక్క కాలు. దానికి ఇద్దరు హక్కుదార్లు! నాకు సుత జర వాటా ఇయ్యిన్రిరా. పోయింది నాదే గదా." నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, "లడాయిల గుండు ఎక్కడ పడాల్నో అక్కడ పడతది. నువ్వు చీటీ రాస్తే పడ్తదా, రాయకపోతే ఆగుతదా? ఇన్నేండ్లు గీ బరువు ఎందుకు మోసినవ్‌రా పిచ్చోడా? నాకు ఒక్క మాట చెప్పకపోతివి."

చీటీ నిజంగా వాడికి అందిందో లేదో నాకిప్పటికీ తెలియదు. అందినా వాడు చెప్పడు. అంతమాత్రం మా నడిపన్న నాకు తెలుసు.

బయట ఆటోలో అప్పటికే ఇద్దరు ఆడవాళ్ళు కూరగాయల సంచులతో ఎక్కి కూర్చుని, ఎంతసేపని కేకలేస్తున్నారు. "వస్తున్న అక్కా, వస్తున్న. మా తమ్ముని పంచాయితీ తెగుతలేదు" అంటూ వాడు కుంటుకుంటూ పోయి హ్యాండిల్ దగ్గర కూర్చున్నాడు. నేను వాడి పక్కన సీటు కొన మీద ఇరుక్కున్నాను. దారంతా కూరగాయల ధరల మీద ఆ ఆడవాళ్ళతో వాదిస్తూనే ఉన్నాడు.

వారం తర్వాత ఆ బీహారు అతని నంబరు అడిగి తీసుకుని నేనే ఫోన్ చేశాను. ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆనాడు పుట్టిన బిడ్డకు పెళ్ళయిందని, మనవడు పుట్టాడని చెప్పాడు. మా వైపు ఎండలెట్లా ఉన్నాయని అడిగాడు. మండిపోతున్నాయన్నాను.